నాయన నోరు, నా గాలి

మౌతార్గాన్‌ను బలం కొద్దీ పీల్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్వరం కిందికి వంగాలంటే గట్టిగా లాగాలని వాళ్ళ నమ్మకం. బుగ్గలు లోపలికి పోతాయి, మెడ నరాలు తేలతాయి, స్వరం మాత్రం కీచుమని ఆగిపోతుంది. అప్పుడు వాద్యం మంచిది కాదంటారు. వాద్యానికేం, అది బాగానే ఉంది. పని చెయ్యాల్సింది ఊపిరితిత్తులు కాదు, నాలుక.

ఒక్కో చిల్లు లోపల రెండు సన్నటి ఇత్తడి రేకులుంటాయి. ఊదితే ఒకటి పలుకుతుంది, పీలిస్తే ఇంకొకటి. పీలుస్తూ నాలుకను వెనక్కి జరిపి, దవడ కాస్త దించితే నోట్లో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ ఎంత పెరిగితే స్వరం అంత కిందికి వస్తుంది. "ఈ" అన్న చోట మొదలుపెట్టి, పెదవులు కదపకుండా, "ఊ" అన్న చోటికి నాలుకను తీసుకుపోవాలి. గాలి సన్నగా, తెగకుండా నడవాలి. ముక్కులోంచి కొంచెం కూడా దొంగతనంగా పోకూడదు. పెదవుల మూలలు తెరుచుకోకూడదు. అంతే. అంతే అని ఇప్పుడు సులభంగా అంటున్నాను గాని, అది నా నోటికి పట్టుబడటానికి కంపెనీ బస్సులో ఒక వానాకాలమూ ఒక చలికాలమూ గడిచాయి.

గాలి సంగతి నాకు బాగా తెలుసు. బండ్ల విడిభాగాలు చేసే ఒక హోసూరు కంపెనీలో నేను లీక్ టెస్ట్ దగ్గర పని చేస్తాను. గొట్టాన్ని నీళ్ళతొట్టిలో ముంచి లోపలికి గాలి పంపుతాం. ఒక్క బుడగ పైకి లేచిందా, ఆ ముక్క పక్కకు పోవాల్సిందే. రోజంతా బుడగలు వెతికే మనిషికి తన పెదవుల మూల గాలి కారుతోందని తెలుసుకోవడం కష్టం కాదు. బస్సులో నా పక్కన కూర్చునే అమ్మాయిలు మాత్రం నేను చెరకు ముక్క పీలుస్తున్నానని ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ అనుకున్నాను. బస్సు దిగేటప్పుడు పాట అడిగేదీ వాళ్ళే.

మొదటి మౌతార్గాన్ తెచ్చిచ్చింది మా అన్న. ఆయన లారీ నడుపుతాడు. జూజువాడి చెక్‌పోస్ట్ దగ్గర లారీలు వరుసగా నిలబడ్డప్పుడు, పక్క అంగడిలో తాళాల గుత్తుల మధ్య వేలాడుతుంటే కొన్నాడట. దానికి పైనా కిందా రెండు వరుసల చిల్లులు. ఎంత నాలుక తిప్పినా స్వరం వంగేది కాదు. ఆ రకం వంగదని, వంగాలంటే పది చిల్లుల చిన్నది కావాలని తరువాత ఫోన్లో చూసి తెలుసుకున్నాను. అలాంటిది తెప్పించుకున్నాక అన్న తెచ్చినదాన్ని ట్రంకుపెట్టెలో దాచాను. ఆయన నొచ్చుకోలేదు. రెండింటిలో తేడా ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా నాయన గురించి చెప్పాలి.

మా ఊరు అంచెట్టి దాటి ఇంకా లోపల, కొండ వారగా ఉంటుంది. బస్సు ఎప్పుడు వస్తుందో డ్రైవరుకే తెలుసు. కాస్త రాగి చేను, ఒక దొడ్డి, దొడ్డి నిండా కొండావులు. పొద్దున అవి అడవి అంచున ఉన్న కొండగట్టెక్కి మేస్తాయి. సాయంత్రం నాయన చేను చివర బండ మీద నిలబడి ఒక కూత పెట్టేవాడు. మాట కాదు అది, ఒట్టి గొంతు. ఎక్కడో పైన మొదలై కిందికి జారేది. అది వినగానే ముందు నల్లావు తలెత్తేది. దాని మెడగంట మోగితే మిగతావన్నీ దాని వెనక నడిచేవి. ఒక్కదాన్నీ తోలుకు రావాల్సిన పని ఉండేది కాదు. వేరే ఇళ్ళవాళ్ళు కర్రలు పట్టుకుని కొండ మీద తిరుగుతుంటే, మా నాయన బండ మీద నిలబడే మందను ఇంటికి తెచ్చుకునేవాడు. ఆయనకు దాని గురించి చాలా గర్వం. ఎవరైనా పొగిడితే పొగడలేదన్నట్టు అటు తిరిగి తలగుడ్డ సర్దుకునేవాడు.

ఆయన గొంతులో గడ్డ లేచింది. క్రిష్ణగిరిలో చూపించాం, ఆపరేషన్ అన్నారు, చేశారు. స్వరపేటిక తీసేశారు. ప్రాణం నిలిచింది, దానికి ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాను. ఇప్పుడు మెడ కింద ఒక రంధ్రముంటుంది. ఊపిరి పోవడమూ రావడమూ అక్కణ్ణుంచే. దానిమీద పల్చటి తెల్లగుడ్డ వేలాడుతుంది, ఆయన ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది. నోటికీ ఊపిరికీ సంబంధం తెగిపోయింది. ఆయన మాట్లాడతాడు, కాని పెదవులు మాత్రమే ఆడతాయి. అమ్మకు అంతా అర్థమవుతుంది, నాకు సగం, అన్నకు ఏమీ కాదు.

ఇంకొకటి కూడా పోయింది. ముక్కులోంచి గాలి ఆడదు గనక ఆయనకు వాసన తెలియదు. ఇంటికి వచ్చిన రోజే దొడ్డిలోకి వెళ్ళి, చాలాసేపు నిలబడి, బయటికి వచ్చి అమ్మతో ఏదో అన్నాడు. ఆవుల వాసన రాలేదంటున్నాడని అమ్మ చెప్పింది. పేడ కంపు తెలియకపోతే నీకేం నష్టమని ఆయన్ను ఆటపట్టించింది. ఆయన నవ్వాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను.

నాయన కూతను ఎవరమూ ఫోన్లో పట్టి పెట్టుకోలేదు. పెళ్ళిళ్ళూ తిరునాళ్ళూ వీడియో తీశాం, మేకపిల్ల గంతులు తీశాం. రోజూ వినపడేదాన్ని ఎవరు తీస్తారు?

కూత లేకపోయేసరికి మంద చెడింది. అమ్మ పిలిచింది, అన్న పిలిచాడు. నల్లావు తల కూడా ఎత్తలేదు. అది రాకపోతే మిగతావి రావు. రోజూ సాయంత్రం అమ్మ కర్ర పట్టుకుని అడవిలోకి పోవాల్సి వచ్చింది. ఒకరోజు వెదురు పొద దగ్గర ఆమెకూ ఆవులకూ మధ్య ఏనుగు నిలబడింది. అది తనంతట తాను వెళ్ళిపోయేదాకా అమ్మ ఒక చెట్టు వెనక ఊపిరి బిగబట్టి ఉండిపోయింది. ఆ మాట విన్న రోజే అన్న దళారితో మాట్లాడేశాడు. సోమవారం వచ్చి మందను చూసుకుని తోలుకుపోతాడని నాకు ఫోన్లో చెప్పాడు.

"నాకూ బాధే చెల్లీ," అన్నాడు. "అట్లని అమ్మను ఏనుగుకి ఇచ్చేదా? నాయన పిలిస్తే వచ్చే ఆవులు అవి. పిలిచే మనిషి లేడు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మంద పోతే నాయనకు ఇంట్లో చెయ్యడానికి ఏమీ ఉండదు. గోడకు ఆనుకుని, ఎవరికీ వినపడని మాటలు మాట్లాడుకుంటూ కూర్చోవాలి. దాన్ని నేను చూడలేను. శనివారానికి వస్తున్నానని, అంతవరకు ఏ ఒప్పందమూ ఖాయం చెయ్యవద్దని చెప్పాను. నేనేం చేస్తానో అడిగాడు. పిలుస్తానన్నాను.

అది గొప్పకు అన్న మాట కాదు. ఆ కూత నా మౌతార్గాన్‌లో ఉందని నాకు ఎప్పుడో తెలుసు. మూడో చిల్లు పీలుస్తూ నాలుకను వెనక్కి లాగితే స్వరం అచ్చం అలాగే పైనుంచి జారుతుంది. పది చిల్లుల్లో అన్నిటికంటే లోతుగా వంగేది అదే. అన్నిటికంటే మొండిదీ అదే. ఆ వారమంతా హాస్టల్ మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి దాన్నే సాధన చేశాను. మొదట జారుతూ జారుతూ మధ్యలో పట్టు తప్పేది. నాలుక మొదలును ఇంకా వెనక్కి, ఇంకా కిందికి దించి, గాలిని సన్నం చేసేసరికి, చివరికి అట్టడుగుదాకా నునుపుగా దిగింది. అంత లోతుగా వంచడం అందరికీ రాదు. బట్టలు తీసుకోవడానికి వచ్చిన వార్డెనమ్మ కూడా ఆగి విన్నది. నా భుజం నేనే తట్టుకున్నాను.

శనివారం సాయంత్రం బండ మీద నిలబడ్డాను. నాయన పక్కనే ఉన్న చిన్న రాతిగుండు మీద కూర్చున్నాడు. అమ్మా అన్నా చేను గట్టున ఉన్నారు. గాలి మా వెనకనుంచి కొండవైపు వీస్తోంది. మౌతార్గాన్ చుట్టూ రెండు చేతులు గూడులా మూసి, కొండ వైపు తెరిచి, మూడో చిల్లు పీల్చాను. స్వరం పైన పలికి, జారి, అట్టడుగుకు దిగింది. ఏ లోపమూ లేదు.

నల్లావు తలెత్తింది. దాని చెవులు నిలబడ్డాయి. మళ్ళీ వాయించాను, ఇంకా లోతుగా. అది గిరుక్కున తిరిగి, తోక ఎత్తి, అడవి లోపలికి పరుగెత్తింది. గంట గలగలమని దూరమైంది. మంద మొత్తం దాని వెనకే పోయింది.

అన్న టార్చి తీసుకున్నాడు. గట్టు ఎక్కబోతూ ఆగి, నా వైపు తిరిగాడు.

"దూరంగానైనా నిలబడి ఉండినాయి ఇన్ని రోజులూ. ఇప్పుడు అదీ లేదు," అన్నాడు. "సోమవారం దళారి వస్తాడు. ఇంక దీన్ని గురించి మాట్లాడొద్దు."

నాకు ఏడుపు వచ్చింది. కొంత సిగ్గుతో, ఎక్కువ కోపంతో. ఆవులు విన్నాయి, అది నా కళ్ళతో చూశాను. విని ఎందుకు పారిపోయాయి? నాయన వైపు తిరిగితే ఆయన భుజాలు కదులుతున్నాయి. మెడ మీది గుడ్డ టపటపమని కొట్టుకుంటోంది. ఏమైందోనని భయపడి దగ్గరికి పోయాను. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. నా కోపం ఇంకా పెరిగింది.

అమ్మ వచ్చి ఆయన పెదవులు చూసి చెప్పింది. నాయనకు కూతలు ఒకటి కాదు, రెండు. రెండూ పైనే మొదలవుతాయి, రెండూ జారుతాయి. మందను పిలిచే కూత సగంలో ఆగి అక్కడే నిలబడుతుంది. ఆవులు రాగి చేలో పడినప్పుడు తోలే కూత అట్టడుగుదాకా దిగుతుంది. నేను వాయించింది తోలే కూత. అదీ ఎంత బాగా వాయించానంటే, చేలో లేని ఆవులు కూడా చేలో పడ్డామనుకుని పరుగెత్తాయి.

"ఈ సంగతి ముందే చెప్పేదానికేమి నీకు?" అని అమ్మను అడిగాను.

"ఇన్నేండ్లు విన్నాను, నిజమే. విన్నదాన్ని విడదీసి చూసినానా ఎప్పుడైనా?" అంది ఆమె.

నా పరిస్థితీ అదే. జారడం గుర్తుంది, ఆగడం గుర్తులేదు. వచ్చినదాన్ని చివరిదాకా చూపించాలన్న తపన ఒకటి. వాద్యం నేర్చుకున్నవాళ్ళందరికీ ఉండే జబ్బే అది.

అన్న మందను దొడ్డికి చేర్చి వచ్చేసరికి అందరం అలిసిపోయాం.

మరునాడు మధ్యాహ్నం నాయనా నేనూ వసారాలో కూర్చున్నాం. నేను మూడో చిల్లు పట్టుకుని సగంలో ఆపడానికి తంటాలు పడుతున్నాను. కిందిదాకా జారిపోవడం నేర్చిన నాలుక మధ్యలో నిలవడం లేదు. కాసేపు నిలిస్తే పైకి పోతుంది, లేదంటే కిందికి జారుతుంది. నాయనకు ఓపిక తక్కువ. గట్టిగా, ఇంకా గట్టిగా లాగమని చేత్తో సైగ చేస్తున్నాడు. ఆయన కూత రొమ్ము బలంతో బయటికి వచ్చేది గనక నాదీ అంతేననుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన చెప్పినట్టే ఒకసారి బలంగా లాగి, రేకు కీచుమని చచ్చిపోవడం వినిపించాను. నీ గాలి బయటికి పోయేది, నాది లోపలికి వస్తుంది, బలంతో ఇది వంగదు నాయనా అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, సరే అన్నట్టు తల ఊపాడు. గాలి సంగతి అప్పటినుంచీ నాకు వదిలేశాడు.

ఇక మిగిలింది నోటి సంగతి. ఆయన కూత పెట్టినట్టు నోరు తెరిచి చూపించాడు. శబ్దం లేదు, ఊపిరీ లేదు. దవడ దిగింది, గడ్డం కింద ఏదో కదిలి ఆగింది. కాని అసలు పని నోటి లోపల జరుగుతోంది, నాకు కనపడటం లేదు. మళ్ళీ చూపించాడు. నాకు అర్థం కాలేదని చెప్పాను. ఇద్దరికీ విసుగొచ్చింది.

అప్పుడే అమ్మ సంగటి తెచ్చింది. మా వైపు రాగి ముద్దను ఎవరూ నమలరు. పప్పులో అద్ది, నోట్లో వేసుకుని, మింగడమే. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, రుచీ పోతుంది. నమిలేవాళ్ళను చూసి పిల్లలు కూడా నవ్వుతారు. నేను హోసూరు వెళ్ళి అన్నానికి అలవాటు పడ్డాక ముద్దనూ నములుతున్నానని అమ్మ ఎప్పుడూ దెప్పుతుంది. ఆపరేషన్ తరువాత నాయన చాలా రోజులు గంజి తాగాడు. ఇప్పుడు మెత్తగా చేసిన చిన్న ముద్దలు మింగుతున్నాడు.

ఆయన ఒక ముద్ద అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళను తన గడ్డం కింద, మెత్తటి చోట ఆనించాడు. మింగబోయాడు. నాలుక మొదలు వెనక్కి జరిగి, కిందికి దిగడం నా వేళ్ళకు తెలిసింది. సగం దిగాక ఆయన ఆగాడు. ముద్ద మీద నాలుక నిలబడింది. జారిపోలేదు, వెనక్కీ రాలేదు. నా కళ్ళలోకి చూశాడు. కనుబొమలు ఎగరేశాడు. తరువాత మింగేశాడు.

నేనూ ఒక ముద్ద తీసుకుని, నమలకుండా, ఆయన ఆగిన చోట ఆగాను. నా గడ్డం కింద ఆయన వేళ్ళు పెట్టి చూశాడు. కాదన్నాడు. ఇంకొకటి. కాస్త పైకన్నాడు. ఇంకొకటి. కడుపు నిండిపోయిందని నేను మొత్తుకున్నా వినలేదు. చివరికి అవునన్నాడు. నోరు కడుక్కుని, మౌతార్గాన్ తీసుకుని, లేని ముద్దను మింగబోయి ఆగినట్టు నాలుకను ఆపి, గాలిని సన్నగా లోపలికి లాగాను. స్వరం జారి, సగంలో నిలబడింది. కదలకుండా నిలబడింది.

అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. నాయనను చూసింది, నన్ను చూసింది. అన్న మాత్రం మంచం మీదనుంచి లేవకుండా, ఆవులు కూడా ఇంత సులభంగా నమ్ముతాయా అన్నాడు. సాయంత్రం చూద్దువుగాని అన్నాను. ఈసారి వస్తాయని నాకు తెలుసు. ఎట్లా తెలుసని అడిగితే చెప్పలేను గాని, తెలుసు.

సాయంత్రం మళ్ళీ అదే బండ. ఈసారి నాయన గుండు మీద కూర్చోనన్నాడు. కాళ్ళు వణుకుతున్నా నా ముందు, నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన వీపు కొండవైపు, ముఖం నావైపు. ఎందుకో నేను మౌతార్గాన్ నోటికి పెట్టుకున్నాకే అర్థమైంది. ఆయన నోరు తెరిచి కూత పెట్టసాగాడు. దవడ దిగేటప్పుడు నేను దించాను. ఆయన ఆగినచోట నేను ఆగాను. స్వరం ఆయన భుజం మీదుగా కొండవైపు పోయింది. ఆయన ముఖం చూస్తుంటే నేను వాయిస్తున్నాననిపించలేదు.

పైన నల్లావు తలెత్తింది. నిన్నటిలాగే చెవులు నిలబెట్టింది. మళ్ళీ పిలిచాం. అది ఒక అడుగు వేసి ఆగింది. అన్న చేను గట్టు మీదనుంచి లేచి నిలబడ్డాడు. ఇంకొకసారి పిలిచాం. గంట మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఆ తరువాత ఆగలేదు.

నల్లావు గట్టు దిగి, చేను ఒడ్డున నడిచి, నేరుగా బండ దగ్గరికి వచ్చింది. నా వైపు చూడనైనా లేదు. నాయన వీపు వెనకనుంచి చుట్టి, నా పక్కగా పోయి ఆయన ముందు నిలబడింది. ముట్టె చాపి ముందు ఆయన నోటి దగ్గర వాసన చూసింది. అక్కడ ఊపిరి లేదు. గడ్డం దగ్గర చూసింది. అక్కడా లేదు. తల కొంచెం దించి, మెడ కింద కదులుతున్న తెల్లగుడ్డ దగ్గరికి వచ్చి, అక్కడ ముట్టె పెట్టి ఆగిపోయింది.

దుమ్మూ పశువుల ఊపిరీ ఆ రంధ్రానికి తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేను వెంటనే అరవాలి. నోట్లో మౌతార్గాన్ ఉంది. నాయన చెయ్యి ఎత్తితే దాన్ని పక్కకు తోస్తాడనుకున్నాను. ఆయన గుడ్డ పక్కకు జరిపాడు. దాని వాసన ఆయనకు తెలియదు. దానికి ఆయన వాసన తెలియాలనుకున్నాడేమో, కళ్ళు మూసుకుని, దాని ముఖం మీదికి నిండుగా ఊపిరి వదిలాడు.

అన్న ఫోన్ తీసుకుని, సిగ్నల్ దొరికే రోడ్డు వైపు నడిచాడు. ఎవరికి చెయ్యబోతున్నాడో మేము అడగలేదు.

నాయన కళ్ళు తెరిచి నావైపు చూసి పెదవులు కదిపాడు. అమ్మ దూరంగా ఉంది, చెప్పేవాళ్ళు లేరు. కాని నాకు అర్థమైంది. సగం మంద ఇంకా పైనే ఉంది, పిలవమంటున్నాడు. నల్లావు మెడ మీద చెయ్యి వేసి, ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. నేను గాలి పీల్చాను.